మన సర్వరు, వాళ్ల లెక్క



ఆత్రేయపురం పూతరేకులకు 2023 జూన్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది అక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం. ఆ సంఘం పేరు సర్ ఆర్థర్ కాటన్ పేరుతో మొదలవుతుంది. డెల్టాలో ఏ పని తలపెట్టినా ముందు కాటన్ దొరకి ఒక దండం పెట్టుకోవడం మనకి అలవాటే కదండీ.

గుర్తింపు రాకముందే పూతరేకులు ఇంటర్నెట్ ఎక్కేశాయి. హైదరాబాదులో ఉన్న మేనకోడలో, డల్లాస్‌లో ఉన్న అల్లుడో ఫోన్లో ఒక బొత్తాం నొక్కితే ఇక్కడ డబ్బా కట్టి కొరియరు వాడికి ఇస్తున్నారు. ఆ బొత్తాం వెనక ఎక్కడో ఒక సర్వరు ఉంటుంది. అంటే రాత్రీపగలూ ఆగకుండా నడిచే కంప్యూటరు. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ సర్వరు మీదికి కొత్త ప్రోగ్రాముని చేరవేసే పనిముట్ల గురించి. ఆ పనిముట్లకి కంపెనీలు ధర ఎలా కడతాయి, ఆ ధరల పట్టికని మనం ఎలా చదవాలి అన్నది విషయం. పూతరేకుల ఊరి పేరు చెప్పి ఇదేం ప్రసంగం అనుకోకండి. చిన్న వ్యాపారి జేబులోంచి నెలనెలా డాలర్లలో పోయే డబ్బు ఇది. దీని గురించి తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ.

ఒక దుకాణం ఉందనుకుందాం. వాళ్ల సైటు చూసే కుర్రాడు ఒకడున్నాడు. రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదివాడు, ఇంటి దగ్గర నుంచే పని చేస్తున్నాడు. పిన్‌కోడుని బట్టి కొరియరు చార్జీ మారేలా చెయ్యమన్నారు. వాడు తన ల్యాప్‌టాప్‌లో రాశాడు, సరిచూసుకున్నాడు. ఇప్పుడు దాన్ని సర్వరు మీద పెట్టాలి. వాళ్ల భాషలో డిప్లాయ్ చెయ్యాలి. చేత్తో చేస్తే ఫైళ్లు ఒక్కొక్కటే పాతవాటి మీద పడుతుంటాయి. సగం కొత్తవి, సగం పాతవి ఉన్న ఆ రెండు నిమిషాల్లో ఎవరో డబ్బు కట్టారంటే, డబ్బు బ్యాంకులో పడుతుంది, ఆర్డరు మాత్రం ఎక్కడా కనపడదు. ఫోను దుకాణానికి వస్తుంది. తిట్లు కుర్రాడికి.

ఈ తిప్పలు తప్పించే ఉపాయం పాతదే. 2005లో జేమిస్ బక్ అనే ప్రోగ్రామరు రాసిన ఒక పనిముట్టుకి తర్వాత కాపిస్ట్రానో అని పేరు పెట్టారు. అది కొత్త ప్రోగ్రాముని పాతదాని మీద పెట్టదు. పక్కన కొత్త ఫోల్డరులో పూర్తిగా సర్దుతుంది. అంతా సిద్ధమయ్యాక, “ఇప్పటి ప్రోగ్రాము ఇదిగో” అని చూపించే ఒక గుర్తుని పాత ఫోల్డరు మీంచి కొత్త ఫోల్డరు మీదికి మారుస్తుంది. మార్పు ఒక్క రెప్పపాటు. తేడా వస్తే గుర్తుని మళ్లీ పాతదాని మీదికి తిప్పేస్తే చాలు. ఇవాళ నెలకి ఇంతని డబ్బు తీసుకునే చాలా పనిముట్లలో లోపల జరిగేది ఈ పనే. కాపిస్ట్రానో ధర అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా.

మరి దేనికి డబ్బు? కళ్లకింపైన తెర, ఎవరు ఎప్పుడు ఏం పంపారన్న చిట్టా, తప్పు జరిగితే ఫోనుకొచ్చే సందేశం, సర్వరుని మొదటిసారి సిద్ధం చేసే పని, అడిగితే జవాబు చెప్పే మనిషి. ఇవన్నీ విలువున్నవే, కాదనను. నా పేచీ ధర ఎంతన్న దానితో కాదు. ఆ ధరని దేన్ని లెక్కపెట్టి వేస్తున్నారన్న దానితో.

ఈమధ్య జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ప్రపంచంలో ప్రోగ్రామర్లు ఎక్కువమంది తమ కోడు దాచుకునే చోటు గిట్‌హబ్. మైక్రోసాఫ్ట్ వాళ్లది. అందులో యాక్షన్స్ అనే సదుపాయం ఉంది. కోడు మారగానే పరీక్షలు నడిపి, సర్వరు మీదికి పంపే పని అది చేసిపెడుతుంది. ఆ పని వాళ్ల కంప్యూటర్ల మీద నడిపితే నిమిషానికి ఇంతని చార్జీ. మన సొంత కంప్యూటరు మీద నడుపుకుంటే ఏమీ లేదు. 2025 డిసెంబరు నెల మధ్యలో వాళ్లు ఒక ప్రకటన చేశారు. 2026 మార్చి నుంచి మీ సొంత కంప్యూటరు మీద నడిచినా, ప్రైవేటు కోడుకైతే, నిమిషానికి 0.002 డాలరు ఇవ్వాలని. అంటే అయిదు వందల నిమిషాలకి ఒక డాలరు. అదే ప్రకటనలో తమ సొంత కంప్యూటర్ల అద్దె తగ్గిస్తున్నామని కూడా చెప్పారు. కానీ ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

మన కుర్రాడి లెక్కే చూద్దాం. ఒక్కోసారి పది నిమిషాలు, రోజుకి ఇరవై సార్లు, నెలకి పాతిక రోజులు. మొత్తం 5,000 నిమిషాలు. ఉచితంగా ఇచ్చే నిమిషాలు పక్కనపెడితే 10 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన 900. ప్రాణం మీదికొచ్చే మొత్తం కాదు. వంద కంప్యూటర్లు పగలూరాత్రీ నడిపే పెద్ద కంపెనీకైతే నెలకి 43 లక్షల నిమిషాల పైమాట, 8,640 డాలర్లు. అయితే కోపం మాత్రం చిన్నా పెద్దా అందరికీ ఒకేలా వచ్చింది. మర్నాడే గిట్‌హబ్ వెనక్కి తగ్గింది. సొంత కంప్యూటర్ల మీది చార్జీని వాయిదా వేస్తున్నామంది.

ఎందుకంత కోపం? రేకు తీసే ఇంటికి వెళ్లి చూడండి. కుండ వాళ్లది, పొయ్యి వాళ్లది, ఎండు కొబ్బరాకులు వాళ్లవి. నానబెట్టి రుబ్బిన జయ బియ్యం పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క ఊపున లాగితే రేకు లేచి వస్తుంది. అక్కడ లెక్క రేకులది, వందల్లో. ఇప్పుడెవరో వచ్చి, “అమ్మా, కుండా పొయ్యీ మీవే, నేను కాదనను. ఏ రేకు ఎప్పుడు తియ్యాలో చెప్పేది నేను కాబట్టి, మీ పొయ్యి మండినంతసేపూ నిమిషానికింత నాకివ్వండి” అంటే ఆవిడ ఏమంటుంది? గరిటె ఎక్కడుందో వెతుక్కుంటుంది.

గిట్‌హబ్ వాదనలో పస లేదని కూడా నేననను. పని ఎప్పుడు మొదలవ్వాలో చెప్పడం, చిట్టా దాచడం, వరస చూడడం, ఇవన్నీ వాళ్ల కంప్యూటర్ల మీదే జరుగుతాయి. వాటికి ఖర్చుంది. సొంత కంప్యూటర్లు పెట్టుకున్నవాళ్ల ఖర్చు ఇన్నాళ్లూ మిగతావాళ్లు మోస్తున్నారన్నది వాళ్ల మాట. నిజమే కావచ్చు. అయితే ఆ ఖర్చు ఎన్ని పనులు నడిచాయన్న దాన్నిబట్టి ఉంటుంది కానీ, మన కంప్యూటరు ఎంతసేపు కష్టపడిందన్న దాన్నిబట్టి ఎందుకుండాలి? మన దగ్గర పాత కంప్యూటరు ఉంది. కొత్తది అయిదు నిమిషాల్లో చేసే పనికి ఇది పదిహేను నిమిషాలు తీసుకుంటుంది. నిమిషాల లెక్కలో మన కంప్యూటరు ముసలితనం వాళ్లకి ఆదాయం. నాకు మింగుడుపడనిది ఆ కొలత. చార్జీ వెయ్యడం కాదు. పనికింతని అడిగి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదని నా అనుమానం.

కొలతల్లో రెండోది తలకింత. గిట్‌ల్యాబ్ అని ఇంకో కంపెనీ ఉంది. వాళ్ల ప్రోగ్రాముని మన సర్వరు మీదే పెట్టుకుని నడుపుకోవచ్చు. ఉచితంగా ఇచ్చేది ఒకటుంది, బాగానే ఉంటుంది. దాని పైది ప్రీమియం. 2023 ఏప్రిల్ వరకూ మనిషికి నెలకి 19 డాలర్లు, ఆ తర్వాత 29. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. వాళ్ల సర్వరు మీద నడిచినా 29, మన సర్వరు మీద నడిచినా 29. సర్వరు అద్దె, కరెంటు, రాత్రిపూట కాపలా అన్నీ మనవైనా తగ్గింపు లేదు. నలుగురు కుర్రాళ్లున్న చిన్న సంస్థకి నెలకి 116 డాలర్లు, ఏడాదికి 1,392. రూపాయల్లో లక్షా పాతిక వేలు, అదీ ఏడాది మొత్తం ముందే. ఆ నలుగురూ నడిపే సర్వరు అద్దె నెలకి వెయ్యి రూపాయలు ఉండొచ్చు. ఏనుగు కంటే అంకుశం ఖరీదు ఎక్కువైనట్టు.

తలకింత లెక్కలో డబ్బు కంటే పెద్ద చిక్కు వేరే ఉంది. మనవాళ్లు నలుగురికీ కలిపి ఒకే లాగిన్ వాడేస్తారు. మూడు తలలు మిగిలాయనుకుంటారు. ఒక శనివారం రాత్రి సైటు పడిపోతుంది. చిట్టా తెరిచి చూస్తే నాలుగు చేతులు చేసిన పని ఒకే పేరు మీద ఉంటుంది. ఎవరు పంపారో తెలుసుకోవడానికే కదా ఆ పనిముట్టుకి డబ్బు కట్టింది!

సర్వరుకింత అనేది మూడో కొలత. కూలిఫై అనే పనిముట్టుంది. ఎవరైనా తీసుకుని తమ సర్వరు మీద ఉచితంగా పెట్టుకోవచ్చు. మాకు ఆ బాదరబందీ వద్దు, మీరే నడపండి అంటే, రెండు సర్వర్లు కలుపుకోవడానికి నెలకి 5 డాలర్లు, ఆ పైన సర్వరుకి 3 చొప్పున అడుగుతారు. చిన్న వ్యాపారానికి నాకు ఎక్కువ నచ్చే కొలత ఇదే. మన వ్యాపారం పెరిగితే సర్వర్లు పెరుగుతాయి, అప్పుడే వాళ్లకిచ్చేదీ పెరుగుతుంది. సంక్రాంతికి ఒక సర్వరు అదనంగా కలిపి, కనుమ దాటాక తీసేస్తే, ఆ నెలకి మాత్రమే పడుతుందా లేక ఏడాదంతా పడుతుందా అన్నది ముందే అడిగి పెట్టుకోవాలి.

రోజుకి ఇన్నిసార్లే పంపాలి అని హద్దు పెట్టే ప్లాన్లూ ఉన్నాయి. వాటి జోలికి పోవద్దని నా సలహా. కోటా అయిపోతుందేమోనని కుర్రాడు చిన్నచిన్న మార్పులు పోగుచేసి, వారానికోసారి మూటకట్టి పంపుతాడు. మూట ఎంత పెద్దదైతే తప్పు ఎక్కడుందో వెతకడం అంత కష్టం. నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ అనే ముగ్గురు 2018లో ప్రచురించిన యాక్సిలరేట్ అనే పుస్తకంలో, తరచూ పంపేవాళ్ల దగ్గర తప్పులు ఎక్కువేం కావని చాలా సంస్థలని పరిశీలించి చూపించారు. అలాంటి మంచి అలవాటు మీద పన్ను వేసే ప్లాను మనకెందుకు?

ఇక ఉచితం మాట. మనలో చాలామంది రోజూ వాడేదే ఉదాహరణగా చెబుతాను. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా. దాన్ని నడపడానికి వికీమీడియా ఫౌండేషన్ ఎవరి దగ్గరా క్లౌడు అద్దెకి తీసుకోదు. అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ డేటా కేంద్రాల్లో దాని సొంత సర్వర్లున్నాయి. వాటి మీదికి కొత్త ప్రోగ్రాము పంపడానికి వాళ్లే రాసుకున్న పనిముట్టు పేరు స్కాప్. వారం వారం ఒక రైలు బయల్దేరుతుంది. ఆ మాట వాళ్లదే, నాది కాదు. మంగళవారం పరీక్షల సైట్లకి, బుధవారం వికీపీడియాలు కాని చాలా సైట్లకి, గురువారం చాలామట్టుకు వికీపీడియాలకి. శుక్రవారం మామూలుగా ఏమీ పంపరు. శని, ఆదివారాలు మనుషులు ఇళ్లల్లో ఉంటారు కాబట్టి. గురువారం సాయంత్రం తెలుగు వికీపీడియాలో ఒక బొత్తాం రంగు మారి కనిపిస్తే, రైలు మన స్టేషన్‌కి వచ్చి వెళ్లిందన్నమాట.

స్కాప్‌కి లైసెన్సు ఫీజు లేదు. కానీ ఆ రైలు నడపడానికి జీతాలు తీసుకునే ఇంజనీర్లున్నారు. ఆ జీతాలు పాఠకులిచ్చే విరాళాల్లోంచే వస్తాయి. ఉచిత పనిముట్టు తీసుకున్న దుకాణంలోనూ ఎవరో ఒకరు దానికి కొత్త భద్రతా మార్పులు వచ్చినప్పుడల్లా వేస్తూ ఉండాలి. జెంకిన్స్ అని చాలామంది వాడే ఉచిత పనిముట్టుంది. 2024 జనవరిలో అందులో ఒక కన్నం బయటపడింది. దాని గుండా బయటివాళ్లు సర్వరులోని ఫైళ్లు చదవగలరు. వెంటనే మరమ్మతు విడుదలైంది. ఆ మరమ్మతు వేసుకున్నవాళ్లు వేసుకున్నారు. వేసుకోనివాళ్ల దగ్గర కన్నం అలాగే ఉంది. నెలకి అర్ధరోజు దీనికి కేటాయించే మనిషి లేకపోతే ఉచితం మనకి పనికిరాదు, 5 డాలర్లే మేలు.

ఉచితం ఎప్పటికీ ఉచితంగానే ఉంటుందన్న హామీ కూడా లేదు. డాకర్ డెస్క్‌టాప్ అని ప్రోగ్రామర్లు చాలామంది వాడే పనిముట్టుంది. 2021 ఆగస్టు చివర్లో ఆ కంపెనీ, 250 మంది ఉద్యోగులు గానీ కోటి డాలర్ల ఆదాయం గానీ దాటిన సంస్థలు ఇకమీదట డబ్బు కట్టాల్సిందే అంది. 2023 ఆగస్టు 10న హాషికార్ప్ అనే కంపెనీ, సర్వర్లు సిద్ధం చేసే తన టెర్రాఫాం పనిముట్టు లైసెన్సుని బిగించేసింది. వాడుకునేవాళ్లు నెల తిరక్కుండానే ఆ పాత కోడు తీసుకుని వేరుకాపురం పెట్టారు. దాని పేరు ఓపెన్‌టోఫు, ఇప్పుడు లినక్స్ ఫౌండేషన్ నీడలో ఉంది. కోడు బహిరంగంగా ఉన్నందుకే అలా వేరుపడగలిగారు. అందుకని ఉచితమన్న మాట దగ్గర ఆగిపోకుండా లైసెన్సు పేరేమిటో కూడా అడగమంటాను.

ధరల పట్టికలో ఎక్కడా కనపడని సంగతి ఇంకొకటుంది. తాళంచెవులు. ప్రోగ్రాముని మన సర్వరు మీదికి పంపాలంటే ఆ పనిముట్టు చేతిలో మన సర్వరు తాళంచెవి ఉండాలి. 2023 జనవరి 4న సర్కిల్‌సీఐ అనే కంపెనీ, మా దగ్గర దాచుకున్న రహస్యాలన్నీ వెంటనే మార్చుకోండి అని వాడుకదారులకి చెప్పింది. వాళ్ల ఇంజనీరు ల్యాప్‌టాప్‌లోకి ఏదో దూరింది, దాని వెంట దొంగా దూరాడు. ఆ వారం ఎన్ని దేశాల్లో ఎంతమంది నిద్రమాని తాళాలు మార్చుకున్నారో! సర్వరు మనది అయితే సరిపోదు. చెవి ఎవరి గూట్లో వేలాడుతోందో చూసుకోవాలి. అయిదు డాలర్ల ప్లానులోనూ అయిదు వందల డాలర్ల ప్లానులోనూ ఈ ప్రశ్న ఒకటే.

డబ్బు కట్టే దారి గురించి రెండు ముక్కలు. ఈ చందాలు చాలావరకు డాలర్లలో ఉంటాయి. కార్డు మీద కడితే బ్యాంకు విదేశీ మారకపు రుసుము వేస్తుంది, దాని మీద జీఎస్టీ. సేవ మీద 18 శాతం జీఎస్టీ సంగతి వేరు. జీఎస్టీ నంబరున్న వ్యాపారి విదేశీ సేవ కొంటే ఆ పన్ను తనే కట్టి చూపించాల్సి ఉంటుంది, ఆడిటరుకి బిల్లు ముందే ఇవ్వండి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, మన ముందస్తు అనుమతి నమోదు చేసి ఉంటే తప్ప కార్డు నుంచి నెలనెలా దానంతటది డబ్బు కోసుకోవడం కుదరదు. మంచి నిబంధనే. కానీ కొన్ని విదేశీ కంపెనీల దగ్గర ఆ నమోదు సరిగ్గా జరగదు. చందా నిశ్శబ్దంగా ఆగిపోతుంది, ఆ సంగతి మనకి పంపాల్సిన మార్పు ఒకటి ఇరుక్కున్న రోజున తెలుస్తుంది.

అలా చందా ఆగినప్పుడే సొంత సర్వరు విలువ తెలిసేది. 2022 నవంబరు 28న హెరోకు అనే సంస్థ తన ఉచిత ప్లాన్లు ఎత్తేసింది. అక్కడ ప్రోగ్రామూ వాళ్ల ఇంట్లోనే, సర్వరూ వాళ్లదే. కట్టనివాళ్ల సైట్లు మూతపడ్డాయి. మన సర్వరు మనదైతే, పంపే పనిముట్టు చందా ఆగినా దుకాణం తెరిచే ఉంటుంది. కొత్త మార్పులు మాత్రం ఆగుతాయి. 37సిగ్నల్స్ అనే అమెరికా కంపెనీ 2022లో క్లౌడు బిల్లు 32 లక్షల డాలర్లు కట్టి, విసిగి, సొంత సర్వర్లు కొనుక్కుంది. వాటి మీదికి పంపడానికి 2023లో కమాల్ అనే పనిముట్టు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. వాళ్లకున్నన్ని సర్వర్లు మనకెందుకు గానీ, ఆ కమాల్ ఒక్క సర్వరు మీద కూడా చక్కగా పనిచేస్తుంది.

మన ఆత్రేయపురం దుకాణానికి నేనైతే ఇలా చెబుతాను. ఒక సర్వరు, ఒక కుర్రాడు ఉన్నంతకాలం ఉచిత పనిముట్టే, చెవి సర్వరు దగ్గరే. ప్లాను డబ్బు దాచి ఆ కుర్రాడికి జీతంలో కలపండి, మరో ఊరు పోకుండా ఉంటాడు. రెండో మనిషి చేరి, రెండో సర్వరు వచ్చిన రోజున సర్వరుకింత అనే ప్లాను చూడండి. నిమిషానికింత అనేవాళ్లని దూరం పెట్టండి. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు అంటారు. మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టండి. సంక్రాంతికి ముందు పది రోజులు సైటు మీద ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి, ఎంత చిన్న మార్పయినా సరే.

కార్డు నంబరు ఇచ్చే ముందు ఇంకొక్క పని. కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పనిముట్టుకిచ్చిన తాళంచెవిని పరీక్ష సర్వరు మీంచి తీసేయించండి. సైటు తెరుచుకుంటోందా, ఉత్తుత్తి ఆర్డరు ఒకటి పెడితే నమోదవుతోందా, పనిముట్టు లేకుండా ఒక చిన్న మార్పు కాగితం మీద రాసుకున్న వరసలో చేత్తో పంపగలుగుతున్నాడా చూడండి. కాగితం లేకపోతే ముందు అది రాయించండి. ప్లాను సంగతి ఆ తర్వాత.